మామిడి తోటలో బీరు మాట

వైశాఖమాసపు ఎండలో నూజివీడు ప్రాంతానికి వెళ్ళి వచ్చానంటే మిత్రులందరూ మామిడిపండ్ల కోసమే అనుకున్నారు. వారి ఊహ సగం నిజం. పండ్ల కోసమే వెళ్ళాను. కాని అవి తినడానికి కాదు, బీరులో కలపడానికి. డెబ్బై దాటిన తెలుగు పండితుడొకడు ఈ మాట రాయడం కొందరికి రుచించకపోవచ్చు. వ్యవహారమే రుచికి సంబంధించినది గనుక ముందుగా చెప్పివేయడం మంచిది.

మా అమ్మాయి వసుధ బెంగుళూరులో బీరు తయారుచేస్తుంది. అక్కడ కొన్ని భోజనశాలల్లో ఎవరి బీరు వారే కాచుకుని, వచ్చినవారికి తాజాగా పోస్తారు. అటువంటి ఒకచోట ఆ పనికంతటికీ ఆమెదే పెత్తనం. నేను హిందూపురంలో అధ్యాపక వృత్తి ముగించి, ఆమె ఇంటికి దగ్గరగా కాపురం మార్చిన కొత్తలో, ఒకనాటి సాయంకాలం చిన్న గాజుగ్లాసులో గోధుమబీరు తెచ్చి నా ముందు పెట్టింది. "తాగమనను నాన్నా. ఎలా ఉందో చెప్పు చాలు" అన్నది. తాగకుండా చెప్పడమెట్లా? మధువు, మైరేయము, సీధువు, ఆసవము అని పర్యాయపదాలు జీవితమంతా వల్లెవేయించినవాడిని. వాటిలో ఒక్కదానినీ నాలుక ఎరుగదు. ఆ గ్లాసులో మగ్గిన అరటిపండు వాసన, వెనుకనే లవంగపు ఛాయ, చివర సన్నని వగరు తగిలాయి. ఆ మాటే చెప్పాను. ఆమె గ్లాసు అందుకుని తానూ వాసన చూసి, "మా వాళ్ళెవరూ ఇంత బాగా చెప్పలేదు" అన్నది.

అప్పటినుండి వారానికొక గ్లాసు. ఆమె కొత్తగా కాచిన ప్రతిదానికీ నేను మాట వెతుకుతాను. నా మాటను బట్టి ఆమె పాళ్ళు మారుస్తుంది. నల్లబీరులో మాడిన పేలాల వాసన ఉన్నదని చెప్పిన రోజున ఇద్దరం పేలాలు వేయించుకుని కూర్చున్నాము. ఆమె బడికి వెళ్ళే రోజుల్లో కూడా మా మధ్య ఇంత సంభాషణ లేదు. నా భార్య సుభద్ర గ్లాసులు కడుగుతూ, "తండ్రీకూతుళ్ళను కలపడానికి ఇన్నేళ్ళు ఈ నురుగు కావలసి వచ్చింది" అని సన్నగా అంటుంది. అందులో ఎత్తిపొడుపు ఎంతో, సంతోషం ఎంతో నేను తేల్చుకోలేదు.

ఈ ఏడు వసుధకు మామిడిబీరు చేయాలని సంకల్పం కలిగింది. డబ్బాల్లో వచ్చే గుజ్జుతో చేసి చూపించింది. వాసన ఉన్నది, టెంక దగ్గరి పులుపు లేదు. "దీనికి చిన్నరసాలు కావాలి" అన్నాను. అన్న తరువాత గాని అందులోని చిక్కు తోచలేదు. ఎందుకంటే చిన్నరసాల మామిడితోట ఆమె అత్తవారిదే, నూజివీడు దగ్గర. ఆ ఇంటిలో మాత్రం కోడలు ఏదో ఆహార పరిశోధనశాలలో పనిచేస్తున్నదని నమ్మకం. అల్లుడు కిరణ్ తన తల్లికి అలాగే చెప్పాడు. ఆవిడ రాజ్యలక్ష్మిగారు మద్యం పేరు వింటేనే లేచి వెళ్ళిపోయే మనిషి.

"కాయలు అడగాలంటే నిజం చెప్పాలి. చెప్తే ఆ గడప నాకు ఉంటుందో ఉండదో తెలీదు. దాచి మాత్రం తీసుకోను" అన్నది వసుధ. "నువ్వెళ్ళి చెప్పు నాన్నా. నీకు మాటలున్నాయి."

ఆ నమ్మకాన్ని మూటగట్టుకుని బయలుదేరాను. ఆమె కాచిన బీరు ఒక సీసా అయినా వెంట తీసుకుపోదామంటే రాష్ట్రపు ఎల్ల దాటించడం చట్టం ఒప్పదు. కనుక నా వద్ద ఉన్నవి నిజంగా మాటలే.

హనుమాన్ జంక్షన్ దాటి

విజయవాడలో రైలు దిగి, బస్సులో హనుమాన్ జంక్షన్ చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. అక్కడి ఇడ్లీ మా సీమ ఇడ్లీ కన్న మెత్తన; దానిమీద కారప్పొడి చల్లి నెయ్యి పోసి, పక్కన అల్లం పచ్చడి పెట్టారు. తీపీ కారమూ కలిసిన ఆ పచ్చడి నాకు కొత్త. మా వైపు పచ్చడిలో బెల్లం పడితే వంటమనిషి చేయి జారిందనుకుంటారు. ఇక్కడ అది లేకపోతే వెనక్కి పంపుతారట.

నూజివీడు బస్సు బాపులపాడు పొలాలను వెనుకవేసి ఎత్తు నేలలోకి వచ్చినకొద్దీ నల్లమట్టి ఎర్రబడింది. రోడ్డుకు రెండు వైపులా తోటలు. కొమ్మలు బరువుకు నేలను తాకకుండా వెదురు ఊతలు పెట్టారు. బస్సులో సగం మంది చెవుల్లో తీగలు పెట్టుకున్న ఇంజనీరింగు విద్యార్థులు, తక్కినవారు సంచులవారు. నా పక్కన కూర్చున్నాయన కరెంటు శాఖలో లైన్‌మనుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాడు.

"ఏ ఊరండీ మనది?"

"హిందూపురమండి. ఉండేది బెంగుళూరు."

"అబ్బో! అక్కణ్ణించి మామిడికాయల కోసం వచ్చారా? బెంగుళూరులో దొరకవేంటండీ?"

"దొరుకుతాయి. ఈ రసాలు దొరకవు."

"అద్గదీ, అలా అన్నారు బాగుంది!" అని నా మోకాలి మీద తట్టాడు. "ఎన్ని కావాలేంటి?"

"కాస్త ఎక్కువే. రసం తీయించాలి."

"జ్యూసు ఫ్యాక్టరీనా?"

నా వద్ద ఉన్న మాటలకు అది మొదటి పరీక్ష. "దాదాపు అటువంటిదేనండి" అన్నాను.

"అయితే ఒక మాట వినండి. మిషన్లో పడెయ్యకండి. టెంక నలిగిందా, చేదు దిగుద్ది. ఇక ఎవడూ తాగడు."

చేదు కోసమే డబ్బిచ్చి తాగేవారున్నారని నోటిదాకా వచ్చింది. మింగుకున్నాను. పరిచయం లేని తోటి ప్రయాణికుడికే చెప్పలేనివాడిని వియ్యపురాలికేమి చెప్పగలనన్న సందేహం నూజివీడు బస్టాండులో నాతోపాటే దిగింది.

కత్తి అడిగిన అతిథి

మా వియ్యంకుడు కోటేశ్వరరావుగారు కారుతో వచ్చి నిలబడ్డారు. "రండి బావగారూ! ఎండలో మాడిపోయారు" అని నా సంచి లాక్కున్నారు. మార్కెట్టు మీదుగా తీసుకుపోయారు. రోడ్డు పొడవునా పందిళ్ళు, వాటి కింద వరిగడ్డి, గడ్డిమీద కాయల రాశులు. బెంగుళూరులో రెండు పండ్లకు పెట్టే సొమ్ముకు ఇక్కడ డజను, పైగా కొసరు. అయినా బేరమాడనిదే ఎవరూ కొనడం లేదు. అమ్మేవాడు కూడా బేరమాడని మనిషిని అనుమానంగా చూస్తున్నాడు.

వారి ఇల్లు పట్టణానికి కొద్ది దూరంలో, తోట అంచునే. రాజ్యలక్ష్మిగారు గుమ్మంలోనే, "అన్నయ్యగారూ, వదినగారిని తీసుకురాలేదేంటి?" అని నిలదీశారు. మోకాళ్ళ నొప్పి సంగతి చెప్పాను. "మా కోడలు చిక్కిపోయిందా? ఆ ల్యాబులో ఏసీ ఎక్కువంటగా" అన్నది రెండవ ప్రశ్న. ఇదే సమయమని గొంతు సవరించుకున్నాను. "ముందు భోంచెయ్యండి, మాటలెక్కడికి పోతాయి" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు. నిజమే, నా మాటలు ఎక్కడికీ పోలేదు, గొంతులోనే ఉన్నాయి.

ముద్దపప్పు, కొత్తావకాయ, గడ్డపెరుగు. చివరన విస్తరి పక్కన రెండు చిన్నరసాలు పెట్టారు. నేను కత్తి అడిగాను. వంటింటిలో గరిటె చప్పుడు కూడా ఆగిపోయింది.

"కత్తెందుకండీ?" అన్నారు కోటేశ్వరరావుగారు, నేను గొడ్డలి అడిగినట్టు.

"కోసుకోవడానికి."

"రసాన్ని కోస్తారటండీ!" అని ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. పండును అరచేతుల మధ్య మెల్లగా పిసికి, తొడిమ వైపు కొరికి, పెరుగన్నంలోకి పిండుకోవాలని చూపించారు. తొడిమ దగ్గరి మొదటి చుక్క పారేయాలని కూడా చెప్పారు. ఆ మాట నేను వినిపించుకోలేదు. సొన తగిలి పెదవి అంచు మండి, మరునాటికి చిన్న పొక్కు లేచింది. కాని ఆ పెరుగన్నం! తీపి ముందుగా వచ్చి, పులుపు దానిని వెన్నంటి, పీచు నాలుకకు చుట్టుకుని కొంతసేపు వదలలేదు. వసుధ డబ్బా గుజ్జులో వెతుకుతున్నది ఇదేనని తెలిసిపోయింది. దీనిని అడగడం ఇక తప్పదని కూడా తెలిసింది.

చింతలపూడి రోడ్డు

మరునాటి ఉదయం కోటేశ్వరరావుగారికి చింతలపూడిలో పని పడితే నేనూ వెళ్ళాను. ఆ దారిలో తాటిచెట్లు వరుసలుగా ఉన్నాయి. ఒకచోట గీత కార్మికుడొకడు నడుముకు మోకు కట్టుకుని చెట్టు దిగుతున్నాడు. మా కారు ఆగడం చూసి, "పొద్దుటిదండీ, తీపిగానే ఉంటది. ఎండెక్కితే నాకు చెప్పొద్దు" అని నవ్వాడు. తాటాకు దొప్ప మడిచి, లొట్టి వంచి కల్లు పోశాడు.

పాలతేట రంగు, పైన సన్నని బుడగలు. మొదట కొబ్బరినీళ్ళ తీపి, వెంటనే ఈస్టు వాసన, ఆపైన ముక్కులోకి పొగలాంటిదొకటి. ఇందులోకి ఏమి కలుపుతారని అడిగాను. ఏమీ కలపరట. నిన్నటి కల్లు పట్టిన లొట్టికే ఆ గుణం ఉంటుందట. లోపల సున్నం రాస్తే పులియదట. వసుధ కూడా పోయినసారి కాపు అడుగున మిగిలిన ఈస్టును తీసి రాబోయేదానికి దాచుకుంటుంది. ఆమె తొట్టెలు మెరిసే ఉక్కువి, ఇతనిది మసిపట్టిన మట్టిది. దాచుకునే పద్ధతి మాత్రం ఒక్కటే.

దొప్ప కింద పెట్టి, ధైర్యం చేసి, "బావగారూ, మీకొక సంగతి చెప్పాలి. వసుధ చేసే పని..." అని మొదలుపెట్టాను.

"బీరేగా?" అన్నారాయన, రోడ్డు మీదికి చూస్తూ.

నేను దొప్పను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.

"పెళ్ళికి ముందే చెప్పాడండి మావాడు. నాకేం, మంచి చదువు, మంచి ఉద్యోగం అనుకున్నా. మీ చెల్లెలికి చెప్పే ధైర్యమే లేదు. మీరొస్తున్నారంటే హమ్మయ్య, మీరు చెప్తారు అనుకున్నా."

"నేను మీరు కాస్త సాయపడతారనుకున్నాను."

"భలేవారే! నేనా ఇంట్లో ఉండాలిగదండీ."

తిరుగు ప్రయాణంలో ఆయన అసలు కారణం చెప్పారు. వెనకటి రోజుల్లో ఊరి చివర సారాకొట్టు ఉండేది. అది ఉన్న రేకుల షెడ్డు కోటేశ్వరరావుగారి తండ్రిదే. తోటలో మామిడికాయలు కోసిన మగవారి కూలి సాయంత్రానికి ఆ షెడ్డులో కరిగిపోయేది. కూలికి వచ్చే ఆడవాళ్ళు ఒకనాడు కొట్టుముందు కూర్చుంటే, కొత్తకోడలైన రాజ్యలక్ష్మిగారు మామగారి ఎదుటే వెళ్ళి వారి నడుమ కూర్చున్నారు. ఇంటిలో పెద్ద గొడవ. చివరికి షెడ్డుకు తాళం పడింది. ఆనాడు ఆవిడ ఆ ఆడవాళ్ళకు రెండు మాటలిచ్చారట: ఈ తోట పండు గాని, ఈ తోట కూలి గాని మద్యంలోకి పోదని, మొగుడు చేసిన పనికైనా సరే కూలి పెళ్ళాం చేతిలోనే పెడతానని. నేటికీ ఆ తోటలో అలాగే జరుగుతుంది. పెళ్ళికాని కుర్రవాడైతే తల్లిని వెంటబెట్టుకుని రావలసిందే. "అందుకే మా తోటలో పనిచేసేవాళ్ళకి సంబంధాలు తొందరగా కుదురుతాయండి" అని ఆయన నవ్వారు.

నేను నవ్వలేకపోయాను. వియ్యపురాలిది ఛాందసమనుకుని, దానిని కరిగించే మాటలు కూర్చుకుని వచ్చాను. అది ఇచ్చిన మాట అయినప్పుడు నా మాటలకు అక్కడ పనేమున్నది?

కావు గది

ఆ సాయంత్రం ఇల్లంతా మామిడి వాసనతో నిండి ఉన్నది. వాకిలి పక్కనే కావు గది. అంటే కోసిన కాయలను వరిగడ్డిలో వరుసలుగా పేర్చి మగ్గబెట్టే గది. తలుపు తీస్తే వెచ్చని ఆవిరి ముఖానికి కొడుతుంది. చూద్దామని వెళ్ళిన నాకు మామిడి వాసన వెనుక ఇంకొక వాసన తగిలింది. వారానికొకసారి నా కూతురి తొట్టెల మధ్య నిలబడేవాడికి అది తెలియకపోదు. ఎక్కడో ఏదో పులుస్తున్నది.

మూలన ఒక కుండ. మూతికి కట్టిన గుడ్డ ఉబ్బి ఉన్నది. అంచులనుండి తెల్లని నురుగు కారుతున్నది. పైనున్న అటకమీద బాగా మగ్గిన రసమొకటి పగిలి, దాని రసం చుక్కలుగా గుడ్డమీద పడుతున్నది.

నా వెనుకనే వచ్చిన రాజ్యలక్ష్మిగారు దానిని చూసి అక్కడే చతికిలబడ్డారు. "అయ్యో, అయ్యో, పోయింది! మా అత్తగారి తరవాణి."

తరవాణి అంటే గంజిని కుండలో నిలవచేసి పులియబెట్టిన పుల్లనీరు. రోజూ వార్చిన గంజి పోస్తూ, కొంత వాడుకుంటూ, కుండను ఎన్నడూ ఖాళీ చేయరు. ఎండాకాలం ఆ నీటిలో అన్నం వేసి తెల్లవారి మామిడి పచ్చడితో తింటారు. ఇంటింటా కుక్కర్లు వచ్చి గంజి వార్చడమే పోయిన ఈ రోజుల్లో, ఈ కుండ కోసమే ఆవిడ గిన్నెలో అన్నం వారుస్తున్నారట.

"వంటింట్లో ఉండాల్సింది ఇక్కడెందుకున్నదమ్మా?" అన్నాను.

ఆవిడ జవాబు చెప్పడానికి సిగ్గుపడ్డారు. "మీరు పండితులు, బెంగుళూరు నించి వస్తున్నారు. ఆ పుల్లవాసనకి ఇదేదో కల్లు కాచే ఇల్లనుకుంటారేమోనని తెచ్చి ఇక్కడ పెట్టానండి."

మేము వారి ముందు దాచాము. వారు మా ముందు దాచారు. దాచిన రెండింటిలోనూ పులుపే ఉన్నది. "వసుధను అడుగుదాం. ఆమెకు తెలుస్తుంది" అని మాత్రం అన్నాను. ఆమెకు ఫోను చేసి, బొమ్మ కనబడేలా కుండ ముందు పట్టుకున్నాను.

"అత్తయ్యా, నురుగు తెల్లగా ఉందా? ఎక్కడైనా నల్లగా గానీ గులాబీగా గానీ బూజుందా?"

"లేదమ్మా, తెల్లగానే ఉంది."

"వాసన చూడండి. కుళ్ళు వాసనా, పండు వాసనా?"

ఆవిడ ముక్కు దగ్గర పెట్టుకుని, కొంత తటపటాయించి, "కల్లు వాసనొస్తందే" అన్నారు.

"అయితే పోలేదు. పండురసం పడి పొంగింది, అంతే. పైదంతా ఒంపేయండి. అడుగున పేరుకున్నది కొంచెం కొత్త కుండలో వేసి, రోజూ గంజి పోస్తూ చల్లటి చోట పెట్టండి. దారికొస్తుంది. దగ్గరుండి చూసుకుంటే పులుస్తుంది అత్తయ్యా, వదిలేస్తేనే కుళ్ళుతుంది."

రాజ్యలక్ష్మిగారి ముఖం తేరుకున్నది. "ఇన్ని సంగతులు నీకెలా తెలుసే? మా అమ్మకి కూడా తెలీవు."

చెప్పవలసినవాడిని నేను. బెంగుళూరు నుండి మోసుకొచ్చిన వాక్యాలలో ఏది ముందో ఏది వెనుకో తోచలేదు. ఈలోగా వసుధ గొంతు వినిపించింది.

"నా ఉద్యోగమే అది అత్తయ్యా. నేను బీరు చేస్తాను. ల్యాబు కాదు. మన తోట కాయలు బీరులో వేద్దామని అడగడానికే నాన్నని పంపాను."

ఆవిడ ఫోనును అలాగే నా చేతిలో వదిలి, కుండ ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం ఇక ఎవరితోనూ మాట్లాడలేదు. భోజనం మాత్రం వేడిగా వడ్డించారు.

నాగమణి తీర్పు

తెల్లవారిన తరువాత నన్ను పిలిచి, "రండి అన్నయ్యగారూ, తోటకెళ్దాం. మాట నేనొక్కదాన్నే ఇచ్చుకోలేదు. తీసుకున్నవాళ్ళని అడగండి" అన్నారు.

తోటలో కోత సాగుతున్నది. మగవాళ్ళు పొడవాటి గెడలకు కట్టిన చిక్కాలతో కాయలను దించుతున్నారు. చెట్టు నీడన ఆడవాళ్ళు తొడిమలు తుంచి, సొన కారిపోవడానికి కాయలను బోర్లించి పెడుతున్నారు. వారిలో పెద్ద నాగమణి; ఆనాడు సారాకొట్టు ముందు కూర్చున్నవారిలో ఒకర్తె. రాజ్యలక్ష్మిగారు దాపరికం లేకుండా సంగతంతా ఆమెకు చెప్పి, నావైపు చూపించి, పక్కకు జరిగారు.

"అయితే పెద్దయ్యగారూ, మీరూ తాగుతారా?" అన్నది నాగమణి.

"తాగుతానమ్మా."

చెట్టుకింద నవ్వులు లేచాయి. "ఎంతేంటి?"

"వారానికొక గ్లాసు."

"ఒక్క గ్లాసే అని మా ఆయన కూడా అనేవోడండి!" అని పక్కనున్నామె అందుకున్నది. "మీ ఇంట్లో అమ్మగారు ఊరుకుంటారా?"

"గ్లాసు కడిగి ఇచ్చేది ఆమే."

"అదృష్టవంతులు" అన్నది నాగమణి. తరువాత నవ్వు ఆపి, చేతిలోని కాయను గడ్డిమీద పెట్టింది. "ఒకటే అడుగుతానండి. ఆ పాప చేసేది తాగినోళ్ళలో ఒక్కడు కూడా ఇంటికెళ్ళి పెళ్ళాన్ని కొట్టడని మీరు చెప్పగలరా?"

దానికి చెప్పదగిన సమాధానాలు నా దగ్గర లేకపోలేదు. సారా వేరు, బీరు వేరు. అక్కడికి వచ్చేవారు వేరు. కొట్టడమన్నది మనిషిలో ఉంటుంది గాని పానీయంలో ఉండదు. అన్నీ నేను బెంగుళూరులో గ్లాసు ముందు పెట్టుకుని అన్న మాటలే. ఆ చెట్టుకింద, ఆ ముఖం ముందు, వాటిలో ఒక్కదానికి కూడా నిలబడే బలం లేదు. ఆ భోజనశాలలోనుండి లేచి వెళ్ళేవారి వెంట నేను ఏనాడైనా వారి ఇంటిదాకా వెళ్ళానా?

"చెప్పలేనమ్మా" అన్నాను.

"చెప్తారేమో అనుకున్నా" అని ఆమె తలాడించింది. "అబద్ధమాడలేదు, సంతోషం. అమ్మగారూ, కాయ మాత్రం ఇవ్వద్దండి."

నేను లేవబోయాను. నాగమణి మళ్ళీ పిలిచింది.

"ఆగండి. ఆ పాప జీతం ఎవరి చేతికొస్తదండి?"

"ఆమె చేతికే."

"అబ్బాయిగారు లాక్కోరుగా?"

"లేదమ్మా. ఆమె జీతం ఆమెదే."

"మరింకేంటండి, అమ్మగారూ!" అని వియ్యపురాలి వైపు తిరిగింది. "మనం షెడ్డు ముందు కూర్చున్నది దేనికి? మన చేతికి కూలి రావాలనేగా. ఆ పిల్ల కష్టం ఆ పిల్ల చేతికొస్తంది. పనికి పేరు పెట్టి పిల్లని వదులుకుంటారా? కాయ సంగతి వేరు, కోడలి సంగతి వేరు."

తోటలో మళ్ళీ చిక్కాలు కదిలాయి. రాజ్యలక్ష్మిగారు చాలాసేపు గడ్డిమీద కాయలను అటూ ఇటూ సర్దుతూ కూర్చున్నారు. మధ్యాహ్నం భోజనాల తరువాత ఫోను తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. అత్తాకోడళ్ళు ఏమి మాట్లాడుకున్నారో నాకు తెలియదు. బయట వసారాలో నేనూ కోటేశ్వరరావుగారూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చున్నాము. ఒక్కసారి మాత్రం ఆవిడ గొంతు పెరిగింది: "అంత కడిగితే తొట్టెకి వాసనుండదు కదే!" కోటేశ్వరరావుగారు నా చెవి దగ్గరికి వంగి, "కోపం కాదండి, ఇది వేరే" అన్నారు. ఎన్నో ఏళ్ళు కాపురం చేసిన మనిషి మాట గనుక నమ్మాను.

ఆ వసారాలో కూర్చుని ఆలోచించాను. బీరును గురించి నాకు తెలిసినదంతా గ్లాసు అంచుతో ఆగిపోయింది. రుచికి పేర్లు పెట్టడంలో ఆనందమున్నది. అది అబద్ధం కాదు. ఆ గ్లాసు మూలాన కూతురికి దగ్గరైన మాటా అబద్ధం కాదు. కాని అదే పులుపు ఇంకొక ఇంటిలో ఏమి చేస్తుందో తెలియదని ఒప్పుకోవడానికి ఇంత దూరం రావలసి వచ్చింది. వసుధకు ఈ సంగతి ముందే తెలిసినదేమో. అందుకే కాయలు దాచి తీసుకోనన్నది.

బస్టాండులో

బయలుదేరేనాడు రాజ్యలక్ష్మిగారు కూడా కారెక్కారు. ఆవిడ బస్టాండుదాకా రావడం వింతగానే తోచింది. నా కాళ్ళ దగ్గర రసాల బుట్ట ఒకటి పెట్టారు. "ఇవి తినడానికి. మీకు, వదినగారికి, పిల్లలకి. కోసుకుని తింటారో, పిండుకుని తింటారో మీ ఇష్టం. దాంట్లోకి మాత్రం ఒక్కటి కూడా పోకూడదు" అన్నారు.

"పోదమ్మా" అన్నాను. మామిడిబీరు ఈ ఏడు లేనట్టే.

విజయవాడ బస్సు కదలడానికి ఇంకా వ్యవధి ఉన్నది. కిటికీ పక్కన నేను కూర్చుంటే, కింద వారిద్దరూ నిలబడ్డారు. అంతలో వారికి తెలిసినావిడ ఒకరు, చేతిలో కూరగాయల సంచితో, ఆగి పలకరించారు. వీరెవరని నన్ను గురించి అడిగారు. కోడలి తండ్రినని తెలిసి, "అవునా! మీ కోడలు బెంగుళూరులో ఏం చేస్తుందండీ? ఏదో ల్యాబన్నారు కదా" అన్నారు.

కోటేశ్వరరావుగారు చటుక్కున బస్సు నంబరు పలకను చదవడం మొదలుపెట్టారు. నేను బుట్టమీది గడ్డిని సర్దాను.

"ల్యాబు కాదండీ. బీరు కాస్తుంది" అన్నారు రాజ్యలక్ష్మిగారు.

ఆ వచ్చినావిడ సంచి ఒక చేతిలోనుండి ఇంకొక చేతిలోకి మారింది. "ఏంటీ?"

"బీరండీ. అక్కడ కాచే పనికంతా మా కోడలే పెద్ద. నేను ముట్టను, మా కాయ ఒక్కటి ఇవ్వను. కానీ బాగా కాస్తుందంట." అని, కిటికీలోకి తల ఎత్తి నన్ను అడిగారు: "అంతేగా అన్నయ్యగారూ?"

"అంతేనమ్మా" అన్నాను.